తెరను తాకు దారము

కంప్యూటరు తెరమీది మీట నొక్కితిమి; అది లోనికి పోయి మరల పైకి రాలేదు. కిటికీ కదలదు, మూసిన మూతపడదు. ఈ యనుభవము శ్రోతలలో పలువురకు కలిగియే యుండును. యంత్రము చెడిన దనుకొందుము. చాలమారులు చెడునది యంత్రము కాదు, పని పంపకము.

ప్రోగ్రాములో ఒకటి వెంట నొకటిగ సాగు పనుల దారమునకు థ్రెడ్ అని పేరు. ఒక ప్రోగ్రామున నిట్టివి పెక్కు లుండవచ్చును. కాని 1998 డిసెంబరున జావా 1.2తో వెలువడిన స్వింగ్ అను తెరసామగ్రి, మీట నొక్కుట, అక్షరము కొట్టుట మొదలగు సంఘటనల నన్నిటిని ఒకే బారున నిలిపి, ఒకే థ్రెడ్ చేత నడిపించును. తెరను చిత్రించునదియు నదియే. దానిచేతనే పెద్ద దస్త్రమును చదివించితిమా, అంతసేపును తెర నిశ్చేష్టమగును.

మరి అన్ని థ్రెడ్లకును తెరను తాకు హక్కిచ్చి, ఒకటి వాడువేళ వేరొకటి చొరకుండ తాళములు వేయరాదా? ఇచ్చటనే యున్నది చిక్కు. మీట నొక్కిన వార్త క్రిందినుండి పైకి వచ్చును. అది కిటికీ తాళమును చేపట్టి ప్రోగ్రాము తాళమును కోరును. ప్రోగ్రాము ఆజ్ఞ పైనుండి దిగును. అది తన తాళమును విడువక కిటికీ తాళమునకై వేచును. ఇరుకుసందున ఎదురుపడిన ఎడ్లబండ్లవలె రెండును నిలిచిపోవును. సన్ సంస్థకు చెందిన గ్రాహమ్ హామిల్టన్ 2004లో ఈ చిక్కునే విశదీకరించెను.

కావున బరువుపనిని వేరు థ్రెడ్‌కు అప్పగించి, ఫలితమును మాత్రము ఇన్వోక్‌లేటర్ అను ఆజ్ఞతో బారున చేర్చవలెను. 2006లో జావా 6తో చేరిన స్వింగ్‌వర్కర్ ఈ శ్రమను కొంత తగ్గించినది. నియమము తప్పినవారికి తక్షణశిక్ష లేదు. నాకు భయము గొల్పునది అదియే. వ్రాసినవాని బల్లమీద వేయిమారులు చక్కగా నడచిన ప్రోగ్రాము, పరుల యింట ఏదో యొక సాయంకాలమున నిలిచిపోవును.