నకలు నిజముగా చేరినదా?

కంప్యూటరుకు పెన్‌డ్రైవు తగిలించుట ఒక పని. దానిని వ్యవస్థలో చేర్చుట వేరొక పని. యునిక్సులోను, దాని బాటన నడచు లినక్సులోను ఈ రెండవ పనికి ‘మౌంట్’ అని పేరు. 1971లో వెలువడిన యునిక్సు తొలి కరదీపికలోనే ఈ ఆజ్ఞ కనిపించును. ఖాళీ డైరెక్టరీ నొకదానిని చూపి, ‘ఇకమీదట ఈ ద్వారము ఆ డ్రైవులోనికి తెరచుకొనవలెను’ అని చెప్పుటయే దాని భావము.

కుటుంబ చిత్రములను, పొలము దస్తావేజుల ప్రతులను తరచుగా వేరొక డ్రైవులో భద్రపరుపదలచినవారు, కావలసిన ఆజ్ఞలను వరుసగా ఒక ఫైలులో వ్రాసి ఉంచుకొందురు. అదియే షెల్ స్క్రిప్టు. మౌంట్ చేయుట, నకలు తీయుట, విడదీయుట - మూడు పంక్తులు చాలునని తోచును. కాని చాలవు.

మొదటి చిక్కు పేరు. నేడు ‘ఎస్‌డీబీ1’ అనబడిన డ్రైవు, రేపు మరియొకటి ముందుగా తగిలించినచో ‘ఎస్‌డీసీ1’ కావచ్చును. కావున ఫార్మాటు చేసినప్పుడు ఏర్పడు ‘యూయూఐడీ’ అను గుర్తును ‘బీఎల్‌కేఐడీ’ ఆజ్ఞతో తెలిసికొని, స్క్రిప్టులో దానినే వ్రాయవలెను.

రెండవది ప్రమాదకరము. ఏ కారణముననైనను మౌంటు జరుగకపోయినచో, ఆ ఖాళీ డైరెక్టరీ మాత్రము అచ్చటనే ఉండును. స్క్రిప్టు ఆగక ఫైళ్లను అందులోనే వేయును. అవి చేరునది డ్రైవులోనికి కాదు, కంప్యూటరు సొంత డిస్కులోనికే! పొరుగూరి గాదెలో దాచితిమనుకొన్న ధాన్యము మన వసారాలోనే ఉండిపోయినట్లు. ఇల్లు కాలిన నాడు గాని ఆ సంగతి తెలియదు. కనుక నకలుకు ముందు ‘మౌంట్‌పాయింట్’ అను ఆజ్ఞతో ప్రశ్నించి, కాదని సమాధానము వచ్చినచో స్క్రిప్టు అచ్చటనే ఆగునట్లు చేయవలెను. ఆ ఒక్క పంక్తియే దానికి ప్రాణము.

మూడవది తొందర. వ్రాయుమన్నదంతయు లినక్సు వెంటనే డ్రైవునకు పంపదు. కొంత మెమరీలో నిలిపి, వీలు చూచి పంపును. నకలు ముగిసినట్లు కనబడినను లోపల పని మిగిలియుండవచ్చును. ‘యుమౌంట్’ ఆజ్ఞ ఆ మిగిలినదానిని పంపిన పిదపనే ముగియును. దీనిని ఆంగ్లమున ‘యు’ తరువాత ‘ఎన్’ లేకుండ వ్రాయవలెను. ‘డ్రైవు పనిలో నున్నది’ అని అది నిరాకరించినచో బలవంతము కూడదు. ఏ ఫైలు తెరచియున్నదో, ఏ టెర్మినలు ఆ డైరెక్టరీలో నిలిచియున్నదో చూచి, దానిని మూసి, మరల ప్రయత్నింపవలెను.

ఇంతయు చేసిన పిదప, అప్పుడప్పుడు ఆ డ్రైవును మరల మౌంటు చేసి ఒక చిత్రమును తెరచి చూచుట మంచిది. కంటితో చూచిన నకలే నకలు.