బడి పిలుపు, తల్లి భయము

(ఉపాధ్యాయుల, తల్లిదండ్రుల సభలో గావించిన యుపన్యాసము)



బిడ్డల పెంపకమున తల్లిదండ్రులకు పాఠశాల యెట్లు తోడ్పడవలెనో చెప్పుమని మమ్ము కోరినారు. మేము న్యాయస్థానముల వెంట దిరుగువారము. బోధనాశాస్త్రము మాకు రాదు. కాని బోనులో నిలుచున్న మనుష్యుని ముఖము మాకు బాగుగ దెలియును. అక్షరాస్యతోద్యమ సేవకులమై పల్లెలు తిరుగునపుడు, బడినుండి పిలుపు వచ్చిన కూలితల్లి ముఖమున నా ఛాయనే చూచినాము. "మావాడేమి తప్పు చేసినాడో" యనునదే యామె మొదటి మాట. మరియొక కారణమున బడి తన్ను పిలుచునని యామె యెన్నడును తలపదు.

చట్టము చెప్పునది వేరు. 2009లో పార్లమెంటు చేయగా 2010 ఏప్రిలు 1 నుండి అమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టమున 24వ సెక్షను ఉపాధ్యాయుని విధులను పేర్కొనుచున్నది. తల్లిదండ్రులతో క్రమముగా సమావేశమై బిడ్డ హాజరును, నేర్చుకొను శక్తిని, చదువులోని అభివృద్ధిని వారికి తెలుపుట యా విధులలో నొకటి. తెలుపవలసినది బడి, సంజాయిషీ యిచ్చుకొనవలసిన ముద్దాయిలు తల్లిదండ్రులు కారు. ఆ చట్టమే 21వ సెక్షనున, పాఠశాలా యాజమాన్య సంఘమున నాల్గింట మూడువంతులు తల్లిదండ్రులో సంరక్షకులో యుండవలెననియు, సంఘ సభ్యులలో సగము స్త్రీలు కావలెననియు విధించినది. ప్రభుత్వ సహాయము పొందని ప్రైవేటు బడులకు ఈ సెక్షను వర్తింపదు. అచ్చట తండ్రికి తరచుగ కనబడునది ఫీజు కట్టు కిటికీయే.

కాగితముమీద నింత గౌరవముండగా తల్లి యేల రాదు? గుంటూరు సీమలో మిరపకోతల నాళ్లలో పగలు పదకొండు గంటలకు సభ పెట్టి, తల్లులు రాలేదని పుస్తకమున వ్రాయుట న్యాయము గాదు. వచ్చిన తల్లి యొకనాటి కూలి పోగొట్టుకొనును. 2024 డిసెంబరు 7న ఆంధ్రప్రదేశమున ప్రభుత్వ పాఠశాలలలో ఒక్కనాడే తల్లిదండ్రుల సభలు జరిగినవి. పండుగ మంచిదే, పండుగతో నేడాది గడవదు.

పెంపకపు బరువును బడి పంచుకొనుట క్రొత్తగాదు. 1920 నాటికే పిట్టి త్యాగరాయ చెట్టిగారి యధ్యక్షతనున్న చెన్నపట్టణ నగరపాలక సభ, థౌజండ్ లైట్స్ ప్రాంతపు బడిపిల్లలకు ఫలాహారము పెట్టించినది. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు, ప్రభుత్వ, ఎయిడెడ్ ప్రాథమిక పాఠశాలలలో వండిన భోజనము పెట్టవలెనని యుత్తరువు చేసినది. పొలమునకు బోవు తల్లికి మధ్యాహ్నపు కూటిచింత కొంత తీరినది. అన్నము విషయమున పంచుకొన్న బరువును చదువు విషయమున మరల తల్లినెత్తిననే పెట్టనేల?

2011 జనాభా లెక్కలలో, ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఏడేండ్లును అంతకు పైబడిన స్త్రీలలో అక్షరాస్యులు నూటికి 59 మందియే. ఇంటిపని నిచ్చి, డైరీలో తల్లి సంతకము కోరు బడి తక్కిన 41 మందిని తలచినదా? ఆమె వ్రేలిముద్ర వేయుటకు సిగ్గుపడును. బిడ్డ తల్లినిజూచి సిగ్గుపడును. ఈ రెండవ సిగ్గు మిక్కిలి ప్రమాదకరము. నెలకొకమారు తల్లియెదుట బిడ్డచేత పాఠము గట్టిగా చదివింపుడు. చదువురాని తల్లికైనను బిడ్డ తడబడుట చెవికి దెలియును. గడగడ చదివిన దానికి కన్ను చెమర్చును. మార్కుల కాగితము చెప్పలేనిది ఆమెకప్పుడు బోధపడును. ఇంటిపనిని బడిలోనే సాయంకాలము ముగించు నేర్పాటు చేసిన మరియు మేలు.

"కళ్లు రెండు వదిలి మిగతా ఒళ్లంతా కొట్టండయ్యా" యని బిడ్డ నప్పగించు తండ్రులు నేటికిని గలరు. 17వ సెక్షను బడిలో దండనను నిషేధించినది. కొట్టనని యూరకుండుట చాలదు. కొట్టక యెట్లు దారికి తెచ్చునో ఆ తండ్రికి ఉపాధ్యాయుడు చూపవలెను. ఇంట బెత్తము బడినిజూచియే దిగును.

ఉపాధ్యాయులకు తీరిక యేదందురా? నిజమే. జనాభా లెక్కలకును, ఎన్నికలకును వారిని పంపుటకు 27వ సెక్షనే తావిచ్చుచున్నది. అందుచేత క్రొత్త బరువు మోపక, మా వంతు మేమును తీసికొందుము.

ప్రధానోపాధ్యాయుల వారికి మా మనవి: రాబోవు సభను రాత్రి ఏడు గంటలకు, కూలివారు ఇల్లు చేరినపిమ్మట పెట్టుడు. కుర్చీలు తల్లులకు వేయుడు. ఆ రాత్రి చంటిబిడ్డలను చూచుకొనుటకు మా కార్యకర్తలు వచ్చెదరు.