పెండ్లి అప్పు అడిగితే పిల్ల వయసు అడగాలె
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సంఘం లీడర్ మాట్లాడిన మాటలు)



లెక్కలన్నీ ఇందాక మన కార్యదర్శి చదివింది. పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, స్త్రీనిధి ఎంత, అన్నీ విన్నరు. నేను ఒక్క అప్పు గురించే మాట్లాడుత. అది మా సంఘం ఇయ్యని అప్పు.

పోయిన మాఘమాసానికి ముందు మా సంఘంల ఒక అక్క 40,000 అడిగింది. అప్పు దేనికి అని రాసేకాడ బిడ్డ పెండ్లి అని చెప్పింది. మా రెండో లీడర్ కలం ఆపి, "ఏ బిడ్డ అక్కా, పెద్దామెది అయిపోయె గద" అన్నది. "చిన్నదానిది" అన్నది ఆమె. చిన్నదానికి 15 ఏండ్లు. పదో తరగతి. మా సంఘం పుస్తకంల వడ్డీ లెక్క తప్పితే దిద్దేది ఆ పిల్లనే.

ఇయ్యమని చెప్పినం. "మీరియ్యకుంటే ఊర్ల ఇచ్చేటోళ్ళు లేరా" అని ఆమె లేచిపోయింది. 3 రూపాయల వడ్డీకి తెచ్చింది. 40,000కు నెలకు 1,200 వడ్డీనే అయితది. మా సంఘంల రూపాయి వడ్డీ, 400తోని పోయేది.

ఆ తల్లిని ఎవ్వరూ చెడ్డదనుకోకండి. మన పాలమూరు ఊర్ల సంగతి మనకు తెల్వదా? వానలు సరిగ పడకుంటే బొంబాయి, పూణె, హైదరాబాద్ పోవాలె. పెనిమిటి అప్పటికే బొంబాయిల ఉన్నడు. ఈమె కూడా పోవాలె. ఇంట్ల కండ్లు సరిగ కనబడని ముసలి అత్త. "ఎదిగిన పిల్లను ఎవరి మీద ఇడిచిపెట్టి పోవాలె చెల్లే, ఏమన్న అయితే మీ సంఘం వస్తదా?" అని నన్నడిగింది. ఆ మాటకు చట్టం చదివితే జవాబు కాదు. ఆ భయానికి ఒక దారి చూపియ్యాలె.

పిల్ల మాత్రం మొదటిరోజు నుంచే వద్దన్నది. రెండు రోజులు అన్నం ముట్టలేదు. చిన్నాయిన చెయ్యి చేసుకున్నడు. పెండ్లయినంక కూడా పరీక్ష రాయనిస్తమని పిలగాని తరఫువాళ్ళు మాట ఇచ్చిండ్రట. సంఘం పుస్తకం చూసే నెపంతోని మా ఇంటికొచ్చి, "చిన్నమ్మా, ముహూర్తానికీ పరీక్షకూ నడుమ నెల లేదు. రాయనిస్తరు సరే, మరి చదివేదెప్పుడు?" అన్నది. బడి గోడ మీద ఉన్న 1098 నంబరు ఆమెకు నోటికి వచ్చు. ఫోను నాది, మాట్లాడింది ఆమెనే. తన పేరు, తండ్రి పేరు, పుట్టిన తేది, ముహూర్తం, అన్నీ వరసగ చెప్పింది. నేనైతే అంత నిబ్బరంగ చెప్పకపోదును.

తెల్లారి ఐసీడీఎస్ సూపర్‌వైజర్ మేడమ్, పోలీసులు వచ్చిండ్రు. ఆధార్‌ల 18 నిండినట్టే ఉన్నది! బడి రికార్డు తెప్పిస్తే అసలు తేది బయటపడ్డది. 18 నిండే దాక పెండ్లి చెయ్యమని తల్లితోని, చిన్నాయినతోని రాయించుకున్నరు.

చట్టం గురించి నాలుగు మాటలు చెప్త, ఇంటికాడ పనికొస్తయి. 2006ల చేసిన బాల్యవివాహ నిషేధ చట్టం ప్రకారం ఆడపిల్లకు 18, మగపిల్లగానికి 21 నిండాలె. పెండ్లి జరిపించినోళ్ళకు, దానికి సాయం చేసినోళ్ళకు 2 ఏండ్ల దాక జైలు, లక్ష దాక జరిమానా. సాయం అంటే ఏంది? అడిగి తెలుసుకొని ఇచ్చిన అప్పు సాయం కాదా? ఇది మన సంఘాలు ఆలోచించాలె. ఇంకోటి, పెండ్లి అయిపోయింది ఇగ ఏం చేస్తం అనుకునే పిల్లలు ఉన్నరు. 20 ఏండ్లు నిండేలోపు ఆ పిల్ల కోర్టుకు పోయి ఆ పెండ్లి రద్దు చెయ్యమని అడగొచ్చు. పెట్టిన నగలు, డబ్బులు ఇటువి ఇటు, అటువి అటు తిరిగి ఇప్పిస్తరు. కళ్యాణలక్ష్మి 1,00,116 కూడా 18 నిండని పెండ్లికి రాదు.

ఈ పట్టుదల కొత్తది కాదు. మనోళ్ళు కూలికి పోయే ఆ బొంబాయిలనే 1880లల్ల రుక్మాబాయి అని ఒకామె ఉండె. 11 ఏండ్లకే పెండ్లి చేసిండ్రు. పెద్దయినంక కాపురానికి పోనన్నది, చదువుకుంటనన్నది. మొగడు 1884ల కోర్టుకెక్కిండు. 1887ల కోర్టు, పోతవా, 6 నెలలు జైలుకు పోతవా అన్నది. జైలుకే పోత అన్నది ఆమె. ఆఖరుకు 2,000 రూపాయలకు రాజీ అయింది. లండన్ పోయి డాక్టరయి వచ్చి, సూరత్‌ల, రాజ్‌కోట్‌ల ఆడోళ్ళ దవాఖానల పనిచేసింది. ఇది విని మా పిల్ల, "ఆమెకు 2,000 అయితే మా అమ్మకు 40,000" అన్నది, నవ్వుకుంట.

ఆ 40,000 సంగతి మిగిలింది గద. ఒప్పుకోలుకు, బట్టలకు సగం ఖర్చయిపోయింది. పెండ్లి ఆపించి, 3 రూపాయల వడ్డీ కింద ఆ తల్లిని ఇడిచిపెడితే మనం చేసింది సగం పనే. అందుకని సంఘం కూసొని, మిగిలినది ఆమె కట్టంగ తక్కువపడ్డ 22,000 రూపాయి వడ్డీకి ఇచ్చి బయటి అప్పు తీర్పించినం. కొందరు అక్కలు గులిగిండ్రు, నిజమే. ఇప్పుడు కంతు తప్పుతలేదు. నాతోని మాత్రం ఆమె ఇంకా సరిగ మాట్లాడది.

పిల్ల పరీక్ష రాసి పాసయింది. కస్తూర్బా బడిల ఇంటర్ చదువుతున్నది. ఆడనే హాస్టలు, ఆడనే తిండి, ఫీజు లేదు. తల్లి ఈసారి బొంబాయి పోయింది, పిల్లను ఎవరి మీదా ఇడిచిపెట్టే పని లేకుండ. వలస పోయే ఇండ్లల్ల పిల్లలుంటే వాళ్ళ పేర్లు వీవోఏలు బడులు తెరిచేముందే రాసుకోవాలె, సీట్లు నిండినంక తిరిగితే లాభం లేదు.

ఇగ మా గ్రామ సంఘం తీర్మానం మీ ముందు పెడుతున్న. పెండ్లి కోసం అప్పు అడిగితే బడి బోనఫైడ్ గాని, పదో తరగతి మెమో గాని చూడాలె, ఆధార్ ఒక్కటే చాలదు. పిల్లతోని లీడర్ ఒక్కతే కూసొని మాట్లాడాలె, తల్లిదండ్రుల ముందు కాదు. ఇట్ల చేస్తే సభ్యులు సంఘం ఇడిచిపోతరని ఇద్దరు ముగ్గురు అధ్యక్షులు పొద్దున నాతోని అన్నరు. మా ఊర్ల ఒక్కరూ పోలేదు. చేతులెత్తేముందు ఎవరికన్న అనుమానం ఉంటే ఇక్కడనే అడగండి, బయటికి పోయినంక కాదు.