ప్రయోగము - ఉపసంహారము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను పండితుడను కాను. వైద్యుడను అసలే కాను. పగలు గ్రామ లెక్కలతోడను, రాత్రులు ఈ గ్రంథాలయమునుండి తీసికొనిపోయిన భారత భాగవతములతోడను కాలము గడపినవాడను. అట్టివాడు శరీరశాస్త్రమును గూర్చి మాటలాడుట యేమని మీకు తోచవచ్చును. కారణము మనవి చేసెదను.

నా మేనకోడలి కుమారునకు తొమ్మిదవ యేట మధుమేహము వచ్చినది. పిల్లవాడు చిక్కిపోయెను, ఎన్ని నీళ్లు త్రాగినను దాహము తీరకుండెను. తీపి తినిపించి పాడుచేసినదని ఇరుగుపొరుగువారు తల్లిని నిందించిరి. వీనికి రోగనిరోధకశక్తి చాలదు, బలమునకు లేహ్యము పెట్టుమని నేనే సలహా చెప్పితిని. రెండు మాటలును తప్పే. ఆ తప్పు తెలిసికొనుటకు ఈ గ్రంథాలయమే నాకు దిక్కైనది.

పసివారికి వచ్చు ఈ మొదటి రకపు మధుమేహము తీపివలన వచ్చునది కాదు. క్లోమమునందు ఇన్సులిన్‌ను తయారుచేయు బీటా కణములను, దేహమును కాపాడవలసిన రక్షక కణములే నాశనము చేయుటవలన వచ్చునది. ఇది శక్తి చాలకపోవుట కాదు. శక్తి దారి తప్పుట.

సౌప్తిక పర్వ కథ మీరెరిగినదే. అర్జునుడును, అశ్వత్థామయు బ్రహ్మశిరోస్త్రమును ప్రయోగించిరి. మునులు వారింపగా అర్జునుడు తన అస్త్రమును మరలించుకొనెను. అశ్వత్థామకు ప్రయోగమే తెలియును, ఉపసంహారము చేతకాలేదు. అది ఉత్తర గర్భమునందలి శిశువుపై పడినది. మన దేహమునందును ఈ రెండు విద్యలు కలవు. ఉపసంహార విద్య నెరిగినవి నియంత్రక టీ-కణములు.

టీ-కణములు ఎముకల మూలుగలో పుట్టి, రొమ్ముటెముక వెనుకనున్న థైమస్ గ్రంథిలో శిక్షణ పొందును. సొంత దేహముపై తిరుగబడువానిలో పెక్కింటిని ఆ గ్రంథి అక్కడనే తుదముట్టించును. అయినను కొన్ని తప్పించుకొని బయటపడును. వానిని అదుపు చేయునవి యేవి? 1995లో జపాను దేశీయుడగు షిమోన్ సకగుచి ఎలుకలపై పరిశోధించి ఉత్తరమిచ్చెను. సీడీ25 అను గుర్తుగల టీ-కణములను తీసివేసి, మిగిలినవానిని టీ-కణములు లేని ఎలుకలకు ఎక్కింపగా, ఆ ఎలుకల అవయవములు రక్షక కణములవలననే దెబ్బతినెను. తీసివేసినవానిని కూడ చేర్చినప్పుడు ఆ వ్యాధి రాలేదు. 2001లో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ అను శాస్త్రజ్ఞులు ఫాక్స్‌పీ3 అను జన్యువును కనుగొనిరి. అది చెడిన ఎలుకలకును, మగశిశువులకును ఇట్టి తీవ్రవ్యాధియే వచ్చునని తేలినది. నియంత్రక కణములను తీర్చిదిద్దునది ఆ జన్యువేయని 2003 నాటికి స్పష్టమైనది. ఈ మువ్వురకును 2025లో నోబెల్ బహుమానము లభించినది.

ఇక ఈ కణములకు ఆజ్ఞలు అందుట యెట్లు? సైటోకైనులు అను చిన్న మాంసకృత్తులవలన. ఇవి కచేరీ తాకీదులవంటివి. ఒక కణము విడిచిన తాకీదు, దానికి తగిన గ్రాహకము గల మరియొక కణమునకు అందును.

ఇంటర్‌ల్యూకిన్-2 అను తాకీదును పోరాడు టీ-కణములు విడుచును. వాని సంఖ్య దానివలన వృద్ధియగును. కావున దానిని యుద్ధభేరిగానే తలచిరి. అది లేని ఎలుకలు రక్షణశక్తి లేక కృశించుననుకొనవచ్చును. కాని 1993లో అట్టి ఎలుకలను పరిశీలింపగా వాని ప్రేగులు వాచి, పుండ్లుపడి యుండెను. ఏలయన, నియంత్రక కణములు ఆ ద్రవ్యమును తాము తయారుచేసికొనజాలవు. ఇతర కణములు విడిచినదే వానికి జీవనాధారము. సీడీ25 అనునది దానిని గట్టిగా పట్టుకొను గ్రాహకములోని భాగమే. కావున ఆ ద్రవ్యము కొంచెమే యున్నను నియంత్రక కణములు ముందుగా అందుకొనును. అనగా, యుద్ధమునకు పిలుచు కేకయే యుద్ధమును ఆపువానిని పోషించుచున్నది!

మరియొక తాకీదు టీజీఎఫ్-బీటా. ఇంకను పోరు నెరుగని టీ-కణము మేల్కొనువేళ ఇది అందినచో, ఫాక్స్‌పీ3 పనిచేయ నారంభించి అది నియంత్రక కణము కాగలదని 2003లో తెలిసినది. కాని దానితోపాటు ఇంటర్‌ల్యూకిన్-6 కూడ అందినచో, అట్టి కణమే వాపు, మంట కలిగించు కణమగునని 2006లో ఎలుకలయందు చూపిరి. పద్దు ఒకటే, ప్రక్క పద్దును జూడక మొత్తము తేల్చరాదు. ఇది లెక్కలవానికి బాగుగా తెలిసిన సంగతియే.

మోతాదు సంగతియు ఇట్టిదే. అధిక మోతాదు ఇంటర్‌ల్యూకిన్-2ను కొన్ని క్యాన్సర్లలో పోరును పెంచుటకు వాడిరి. 2011లో ప్రకటించిన పరిశోధనయందు, ఇతరుల రక్తమూలకణములు ఎక్కించుకొని, ఆ కణముల దాడికే గురియైన రోగులకు స్వల్ప మోతాదు నీయగా నియంత్రక కణములు పెరిగెను. కొందరికి ఉపశమనము కలిగెను.

అయినను ఒక్క హెచ్చరిక. ఈ విద్య యేదియు నేడు మా పిల్లవాని ఇన్సులిన్‌కు బదులు కాదు. దానిని మాని లేహ్యములను, చూర్ణములను నమ్ముకొన్నచో ప్రాణమునకే ముప్పు. వాడు ప్రతిదినము సూది వేసికొని బడికి పోవుచున్నాడు. వాని తల్లివలన ఏ దోషమును లేదని ఈ సభాముఖమున చెప్పుట నా విధి. ఇన్నాళ్లకు ఆ బాకీ తీర్చుకొనుచున్నాను.

మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండినవి. మాటను ప్రయోగించుట మనకందరకు వచ్చును. తప్పని తెలిసిన మాటను వెనుకకు తీసికొనుట ఈ బీరువాలలోని పుస్తకములు నాకు నేర్పినవి. ఈ సంస్థ మన మనుమల కాలమునకును నిలిచి యుండుగాక!

సెలవు.