అశక్తసంతానము - జీవితబీమా



ఈ వేదికపై విద్యార్థివేతనములగూర్చియు, వసతిగృహమునుగూర్చియు మాటలాడుట మాకు వాడుక. ఈయేడు మేమే కార్యదర్శిగారి ననుమతి వేడి వేఱొక విషయము నెత్తుకొంటిమి. దేహవైకల్యముతోనో బుద్ధిమాంద్యముతోనో జన్మించిన బిడ్డలు మన కుటుంబములలో నున్నారు. పెండ్లిచూపులనాడు వారిని పెరటిగదిలో కూర్చుండబెట్టుటయు నున్నది. మా యింటను అట్టి బిడ్డ కలదు. మా రెండవ కుమార్తెకు సెరిబ్రల్ పాల్సీ. ఇప్పు డామెకు ముప్పదిమూడేండ్లు. కావున ఈ మాట చెప్పుటకు మాకు కొంత యధికారము కలదని తలంతుము.

జీవిత బీమా సంస్థవారి చిహ్నముపై 'యోగక్షేమము' అను పదము మీరందఱును చూచియుందురు. లేనిదానిని సంపాదించుట యోగము, సంపాదించినదానిని కాపాడుట క్షేమము అని పెద్దలు వ్యాఖ్యానింతురు. మనవారు పాలసీ తీసికొనుటతో యోగమును ముగించి, క్షేమమును మఱచుచున్నారు. సొమ్ము ఎవరి చేతికి వచ్చును, ఏ క్రమమున బిడ్డ నోటికి అన్నమగును అని విచారించువారు అరుదు. మేమును విచారింపలేదు.

అమ్మాయి కైదేండ్లప్పుడు ఎఱిగిన ఏజెంటొకడు ఆ పిల్ల ప్రాణముపైననే బీమా చేయింపుమని చెప్పెను. దరఖాస్తు తిరిగివచ్చెను. ఆనాడు మా యింట పొయ్యి వెలుగలేదు. మా పాఠశాల గుమాస్తా యొకరు విని, "మాస్టారూ, సంపాదించువారు మీరు. మీరు లేకపోతే కష్టము ఆ పిల్లకు. బీమా మీమీద ఉండవలె గాని పిల్లమీద ఎందులకండీ?" అనెను. శాస్త్రములు చదివిన మాకు తోచనిది ఆయనకు తోచినది. బీమా అనునది పోషకుని ప్రాణముపై నుండవలెను. ఫలము మాత్రము పోష్యునికి చేరవలెను. ఇది మొదటి మాట.

వెంటనే మా ప్రాణముపై పాలసీ తీసి, నామినీగా పెద్దకుమారుని పేరు వ్రాసితిమి. పండ్రెండేండ్లు నిశ్చింతగా నిద్రించితిమి. పిమ్మట మిత్రుడైన యొక వకీలు ఆ కాగితము చూచి, "ఇందులో అమ్మాయి పేరెక్కడ?" అని యడిగెను. మా పెద్దవాడు సజ్జనుడు. కాని వానికి అప్పులు కావచ్చును, అకాలమరణము రావచ్చును, మనసు మాఱవచ్చును. అన్నగారి మంచితనము అమ్మాయికి ఆస్తి కాదు గదా!

దీనికి 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టమున మార్గ మున్నది. వివాహితుడు తన ప్రాణముపై తీయు పాలసీని భార్యకొఱకును, బిడ్డలకొఱకును, లేక వారిలో నొకరికొఱకును అని పాలసీయందే వ్రాయించినచో, అది వారి నిమిత్తమైన ట్రస్టగును. ఋణదాతలను మోసగించుటకు తీసినదైననే తప్ప, అప్పులవారు దానిని ముట్టజాలరు. ట్రస్టీని పేర్కొనవచ్చును. అయితే ఈ యేర్పాటు పాలసీ తీయునప్పుడే చేయవలెను. మా పాత పాలసీని దీనిక్రిందికి మార్చుట పొసగలేదు. పెరిగిన వయసునకు పెరిగిన ప్రీమియముతో క్రొత్తది తీసితిమి. ఆ పండ్రెండేండ్ల నిద్రకు వెల యది.

ఇట్టి కుటుంబములకొఱకే జీవిత బీమా సంస్థవారు జీవన్ ఆధార్ అను పాలసీని రూపొందించిరి. బీమా తల్లిదండ్రుల ప్రాణముపైన. వారి మరణానంతరము సొమ్ములో నూటికి 20 వంతులు రొక్కముగను, తక్కిన 80 వంతులు భృతిగను చెల్లును. ఆ భృతి 15 ఏండ్లు నిశ్చయముగను, ఆపైని బిడ్డ జీవించియున్నంతకాలమును వచ్చును. క్షేమము పాలసీలోనే ఇమిడియున్నది గమనింపుడు. పాలసీల పేర్లు మాఱుచుండును. ఏజెంటు నడుగవలసినది ఈ రూపమును. ఒక్కమాఱు చేతబడిన పదిలక్షలకు బంధువులు బహుళముగా పుట్టుదురు. నెలకు అయిదువేలకు ఎవ్వరును పుట్టరు.

ఇందొక చిక్కుండెడిది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టమున ఇట్టి పాలసీలకు రాయితీ నిచ్చుచు, భృతి తండ్రి మరణించిన పిదపనే ముట్టవలెనని నియమించిరి. తండ్రి వృద్ధుడై, ఉద్యోగము విరమించి, బిడ్డకు మందులు కొనలేకున్నను బ్రతికియున్నందున భృతి రాదు! ఒక తండ్రి సుప్రీంకోర్టు కెక్కెను. 2019 జనవరిలో న్యాయస్థానము నియమమును కొట్టివేయలేదు గాని, ప్రభుత్వమువారు పునరాలోచింపవచ్చునని సూచించెను. 2022 ఆర్థిక చట్టమున, తల్లిదండ్రులకు అరువదియేండ్లు నిండి సొమ్ము కట్టుట మానినచో వారి జీవితకాలముననే భృతి పొందవచ్చునని సవరించిరి. పేరెఱుగని ఆ తండ్రికి మేము మనసులో నమస్కరింతుము.

మా ధర్మశాస్త్రముల మాటయు దాచరాదు. జాత్యంధులకు, బధిరులకు, ఉన్మత్తులకు దాయభాగము లేదనియు, భరణము మాత్రము కలదనియు స్మృతికారులు విధించిరి. 1928 నాటి చట్టము ఆ నిషేధమును చాలవఱకును, 1956 నాటి హిందూ వారసత్వ చట్టము పూర్తిగను తొలగించెను. రోగమునుబట్టిగాని, అవయవలోపమునుబట్టిగాని వారసత్వము పోదు. అయినను ఆస్తి పంపకములలో "వానికెందుకు, మేము చూచుకొందుముగా" అనుట నేటికిని వినుచున్నాము. చట్టము మాఱినది, మన నోరు మాఱలేదు.

పిల్లకు పదునెనిమిది నిండినయెడల, ఆమె బుద్ధి యెట్లున్నను, తల్లిదండ్రులు చట్టరీత్యా సంరక్షకులు కారు. బ్యాంకువారు సంతకమడిగిననాడు ఇది తెలియును. ఆటిజము, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యము, బహువైకల్యము గలవారికి 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టముక్రింద సంరక్షకుని నియమించుటకు కలెక్టరుగారున్న స్థానికస్థాయి సంఘము కలదు. ఈ పత్రము లేక ఎంత గొప్ప పాలసీయైనను గడపదగ్గఱ నిలిచిపోవచ్చును. ప్రభుత్వోద్యోగులు మఱియొకటి యెఱుంగవలెను: సంపాదింపజాలని వికలసంతానమునకు ఆజీవాంతము కుటుంబ పింఛను లభింపగలదు. సర్వీసులో నుండగనే పేరును, వైద్యపత్రమును నమోదు చేయించుకొనుడు.

స్వల్పాదాయముగలవారికి 2015లో వచ్చిన ప్రధానమంత్రి జీవన జ్యోతి బీమా కలదు. 18 మొదలు 50 ఏండ్లలోపువారు బ్యాంకుఖాతాద్వారా చేరవచ్చును. ఏటికి 436 రూపాయలు, మొత్తము 2 లక్షలు, రక్షణ 55 ఏండ్లవఱకు. నూటికి ఆఱు చొప్పున వడ్డీ వచ్చిన, అది నెలకు వేయి రూపాయలు. స్వల్పమే, కాని బియ్యపుబస్తా కొనవచ్చును.

బీమాను పరదేశీయుల వ్యాపారమని ఈసడించు పెద్దలు కొందఱు మనలో నింకను కలరు. మచిలీపట్టణమున 1925లోనే పట్టాభి సీతారామయ్యగారు ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీని నెలకొల్పిరని వారికి జ్ఞప్తి చేయుదుము.

పాలసీతోపాటు మేమొక నోటుపుస్తకము వ్రాసి యుంచితిమి. అమ్మాయి వంకాయ తినదు, ఉఱుమునకు భయపడును, తల దువ్వునప్పుడు పాట పాడవలెను, ఎడమచేయి పైకెత్తిన దాహమని యర్థము. ట్రస్టీ యెవరైనను, ఏ సంస్థయైనను, ఈ సంగతులు ఏ దరఖాస్తులోను ఉండవు. దానిని ఆమె తల్లి చెప్పుచుండగా మేము వ్రాసితిమి. మూడవ పుటకు వచ్చుసరికి చెప్పుట ఆమెకు, వ్రాయుట మాకును కష్టమాయెను. ఇప్పటికి నలువది పుటలైనవి.

సంఘమువారికి మా విన్నపమొక్కటి. విద్యానిధికి ఉపసంఘమున్నట్లు దీనికిని ముగ్గురితో నొక యుపసంఘ మేర్పఱుపుడు. అందొకరు స్త్రీ కావలెను, ఒకరు న్యాయవాది కావలెను. వైకల్యపత్రములు తెప్పించుట, నామినీలను సరిచూచుట, కలెక్టరు కచ్చేరికి తోడుపోవుట వారి పనిగా నుండవలెను. ధనము కోరుట లేదు, తీఱిక కోరుచున్నాము.

భోజనానంతరము వేదిక వెనుకనున్న గదిలో నాలుగు గంటలవఱకు మేమును మా కుమార్తెయు నుందుము. పాలసీకాగితములు వెంట దెచ్చుకొన్నవారు రండు. పిల్లలను గూడ తీసికొని రండు.