కార్యాంగములు - వాని క్రమము
(పులివెందుల వార్షిక మహాసభయందు గావించిన ఉపన్యాసము)



బడిపంతులుగా బ్రదుకు గడపి విశ్రాంతి గైకొన్న నన్ను ఈ వేదికపైకి పిలిచిన కార్యనిర్వాహకులకు నా నమస్కారములు. మహాసభలలో విద్యాభివృద్ధిని గూర్చియు, కులోన్నతిని గూర్చియు పెద్దలు ఘనమైన ఉపన్యాసము లొసంగుచుందురు. నే నంతటి విషయమును చేపట్టలేదు. చేయవలసిన పనులను పట్టికగా వ్రాసికొనుట, ఒక్కొక్క పనిని అంగములుగా విడదీయుట, ఆ యంగములను క్రమమున నిలుపుట, ఇంతమాత్రమే నా విషయము. ఇది అల్పముగా దోచవచ్చును. దీనిని నిర్లక్ష్యము చేసి మన పిల్లవాని కొకనికి నేను కలిగించిన నష్టమును మొదట విన్నవించెదను.

కొన్నేండ్ల క్రిందట ఉపకారవేతనముల కొఱకు విద్యార్థులచే అభ్యర్థనపత్రములు పంపించు భారము నాపై నుండెను. నా పుస్తకములో "అభ్యర్థనపత్రము పంపుట" అని యొక పంక్తి వ్రాసి, దాని కెదుట కడపటి తేదీ వేసి నిశ్చింతగా నుంటిని. గడువునకు రెండు దినములు ముందు కాగితములు సరిచూడగా, ఒకనికి ఆదాయ ధ్రువపత్రము లేదని తెలిసినది. మీసేవ కేంద్రమునకు పరుగెత్తితిమి. విచారణ ముగిసి పత్రము చేతికి వచ్చునప్పటికి గడువు దాటిపోయెను. ఆ పిల్లవాడు ఆ యేడు చదువు మాని ప్రొద్దుటూరిలో నొక బట్టల యంగడిలో కుదిరెను. మఱుసటి యేడు మరల చేరినను తోడివారు ముందుకు సాగిపోయిరి. తప్పు కచేరీవారిది కాదు. పత్రమునకు పట్టవలసిన దినములే పట్టినవి. తప్పు నాది. నేను పని తుదిని వ్రాసికొంటిని గాని, ఆ తుదికి చేర్చు మెట్లను వ్రాసికొనలేదు.

అప్పుడు చిన్ననాట చదివిన మీమాంస నాకు జ్ఞప్తికి వచ్చినది. జైమిని మహర్షి తన పన్నెండధ్యాయములలో ఐదవదానిని క్రమవిచారమునకే వినియోగించెను. ప్రధానకర్మము అంగి; దానికి తోడ్పడునవి అంగములు. అంగములలో ఏది ముందు, ఏది వెనుక యని నిర్ణయించుటకు శ్రుతి, అర్థము, పాఠము, స్థానము, ముఖ్యము, ప్రవృత్తి యని ఆరు ప్రమాణములు. వీనిలో ముందుది వెనుకదానికంటె బలవత్తరము. వేదమున అగ్నిహోత్రహోమము మొదట చెప్పబడి, గంజి వండుట పిదప చెప్పబడినది. చెప్పిన వరుసనే చేసినచో హోమమునకు ద్రవ్యమే యుండదు. కావున వండుటయే ముందని మీమాంసకుల నిర్ణయము. చెప్పిన వరుస పాఠక్రమము. ప్రయోజనమును బట్టి యేర్పడు వరుస అర్థక్రమము. అర్థము పాఠమును త్రోసివేయును.

శాస్త్రము చదువని మన రైతునకును ఈ న్యాయము తెలియును. ఈ సీమలో చెనక్కాయ వేయువాడు పదునైన దినమున కాయ లొలుచుటకు కూర్చుండడు. వాన రాకమున్నే కాయ లొలిచి, విత్తనము లేరి, గొఱ్ఱు సవరించుకొని యుండును. పదును మనకొఱకు కాచుకొని యుండదు. కడపటి తేదీయు నట్టిదే.

ఇటీవల నా మనుమరాలు నా చరవాణిలో పనుల పట్టిక వ్రాసికొను ఆప్ నొకదాని నమర్చి యిచ్చినది. అందు ప్రధానకార్యము వ్రాసి, దాని క్రింద ఉపకార్యములను చేర్చవచ్చును. వ్రేలితో పట్టి పైకిని క్రిందికిని జరుపవచ్చును. అక్షరక్రమమున గాని, తేదీక్రమమున గాని అదియే సర్దిపెట్టుటయు గలదు. అక్షరక్రమమున సర్దించి చూచితిని. "అభ్యర్థనపత్రము పంపుట" పైకి వచ్చెను. "ఆదాయ ధ్రువపత్రము తెచ్చుట" దాని క్రింద నిలిచెను. వర్ణమాలకు అకారము ముందు, ఆకారము వెనుక గదా! నా పాత తప్పునే యంత్రము అచ్చముగా చేసి చూపినది. తేదీక్రమమునను లాభము లేదు. అన్నింటికి ఒకే కడపటి తేదీ వేసియుంటిని. తుదినుండి వెనుకకు లెక్కించి, ఒక్కొక్క యంగమునకు దాని గడువును మనము వేసిననే ఆ క్రమము పనికివచ్చును. యంత్రము సర్దగలదు, ఏది దేనికి ఆధారమో యెఱుగవలసినవారము మనమే.

పాశ్చాత్యులును ఈ మార్గముననే నడచిరి. 1958 ప్రాంతమున అమెరికా నౌకాదళమువారు పొలారిస్ క్షిపణి నిర్మాణమునకై పెర్ట్ అను పద్ధతి నేర్పఱచిరి. ఏ పని ముగిసిన గాని యే పని మొదలుకాదో గీతలతో చిత్రించి, యే వరుస ఆలస్యమైన మొత్తము ఆలస్యమగునో కనిపెట్టుట దాని సారము.

పలువురకు ఒకే పని చేయవలసినపుడు మఱియొక ప్రశ్న పుట్టును. ఒకనికి అన్ని యంగములు ముగించి రెండవవానికి మొదలిడుట కాండానుసమయము. ఒక్కొక్క యంగమును అందఱకు నడపి పిదప రెండవ యంగము చేపట్టుట పదార్థానుసమయము. విందులో బంతికంతటికి అన్నము, పిదప పప్పు వడ్డించుట ఈ రెండవదియే. ఇరువదిమంది విద్యార్థుల ధ్రువపత్రము లన్నియు ఒకేసారి చూచియుండినచో ఆ పిల్లవాని లోటు నెలముందే బయటపడియుండెడిది. అయినను గడువు దగ్గఱపడినవా డొకడున్నచో వానిపని మొదట ముగించుటయే ధర్మము.

విభాగమునకును మితము కలదు. ఒక మనుష్యుడు ఒక్కమారు పూని ముగించి "అయినది" అని చెప్పగలిగినంత వఱకు విడదీసిన చాలును. ప్రతి యంగమునకు ఒక్క కర్త పేరు వ్రాయవలెను. "కమిటీవారు" అని వ్రాసిన పని యెవ్వరిదియు కాదు.

మహాజనులారా! విద్యార్థి వసతిగృహము కట్టవలెనని మనము తీర్మానించుకొంటిమి. తీర్మానమున శంకుస్థాపనయు, దాతల పేర్ల ఫలకమును ముందు వ్రాయబడినవి. అది పాఠక్రమము. అర్థక్రమమున స్థలపు దస్తావేజులు సరిచూచుట ముందు. పిదప పటము, పురపాలకసంఘపు అనుమతి. గోడలకు మున్నే బోరు. ఈ సీమలో నీరు పడక కట్టడము నెట్లు తడుపుదుము? పోషకమహాశయులు చందా యిచ్చుటతో తృప్తి నొందక, ఏ యంగము ఎవరిదని, ఎన్నటికని అడుగవలెనని నా ప్రార్థన. అట్లడుగువారు లేకపోవుటచేతనే ఒక పిల్లవాని యేడు నా పుస్తకములోని యొక్క పంక్తిలో మునిగిపోయినది.