యోయో: దాచుటయా, ఆడుటయా?

బిలాసపురమున దయాల్‌బందులో పెరిగిన నాకు బొంగరము బాల్యమిత్రము. ఇచ్చటి ఛత్తీస్‌గఢీ బాలురు దానినే భౌంరా యందురు. దాని దాయాదియైన యోయో మాత్రము ఉద్యోగవిరమణానంతరముగాని నా చేతికి రాలేదు.

ఫిలిప్పీన్స్ నుండి వలసపోయిన పెడ్రో ఫ్లోరెస్ 1928లో కాలిఫోర్నియాయందు తయారుచేయ నారంభించిన యోయోలలో, త్రాటిని ఇరుసునకు ముడివేయక ఉచ్చుగా మాత్రమే తగిలించుటచేత, క్రిందికి జారిన చక్రము వెంటనే మరలిరాక అచ్చటనే గిరగిర తిరుగుచు నిలిచి, మణికట్టు ఇంచుక కుదిపినంతనే అరచేతికి ఎగబ్రాకును. ఈ నిలుకడకు ఆటగాండ్రు పెట్టిన పేరు నిద్ర.

అంకుడుకఱ్ఱతో చేసిన ఏటికొప్పాక లక్కబొంగరములు నా అద్దాల బీరువాలో పదునొకండు కలవు. వానిని చూచుకొనుటలో సుఖము లేకపోలేదు. అయినను, వానిని కొనుటకు ఒక్క పూట చాలినది, యోయోను నిద్రింపజేయుటకు మూడు నెలలు పట్టినది. (నడుమ ఒక గాజుదీపము పగిలినది, ఆ ప్రస్తావన మా ఇంట నిషిద్ధము.) అందుచేత, వ్రేలు కందినను, నా చేయి గీతలుపడిన ఆ యోయోవైపే పోవును.

మీ యింట యోయో యున్నచో, నిలుచుండి నేలనుండి బొడ్డు వఱకు కొలిచి త్రాడు కత్తిరించుకొనుడు. ఈ సాయంకాలమే ఆరంభింపవచ్చును.